బ్లాక్ బెల్టుకు ఎన్నేళ్లు పడుతుంది?

నాకు బ్లాక్ బెల్టు లేదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. గత డిసెంబరులో కోల్‌కతాలో పరీక్షకు వెళ్లి తప్పాను. నాతో పాటు అదే రోజు పరీక్షకు నిలబడిన మా అమ్మాయి పాసయింది. తప్పినావిడ పాఠం చెప్పడమేమిటని మీకు అనిపించవచ్చు. కానీ మన బ్యాంకు కుటుంబాల్లో పిల్లల్ని కరాటే, తైక్వాండో, జూడో క్లాసులకు పంపేవాళ్లు చాలామందే ఉన్నారు. ఎవరో ఒక సహోద్యోగి ఫోన్ చేసి, "మేడమ్, మావాడు చేరి ఆర్నెల్లయింది. బ్లాక్ బెల్టుకు ఎన్నేళ్లు పడుతుంది?" అని అడుగుతూనే ఉంటారు. ఒకప్పుడు నేనూ ఇదే ప్రశ్న అడిగాను. దానికి జవాబు కొంతైనా తెలియడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లలో తెలిసింది మీతో పంచుకుందామనే ఈ వ్యాసం.

కాగితాల్లో ఉన్న సరుకు

2021లో ఆంధ్రా నుంచి కోల్‌కతాకు బదిలీ మీద వచ్చాను. మావారి ఉద్యోగం విజయవాడలోనే కాబట్టి నేనూ, మా అత్తగారూ, పదకొండేళ్ల మా అమ్మాయీ ఇక్కడికి చేరాం. అమ్మాయి సూట్‌కేసులో ఒక బ్రౌన్ బెల్టు, ఏడెనిమిది సర్టిఫికెట్లు భద్రంగా ఉన్నాయి. అంతకుముందు మేమున్న ఊళ్లో ఒక క్లాసులో రెండేళ్లలోపే ఆ బెల్టు దాకా వచ్చింది. మూడు నెలలకొక పరీక్ష, పరీక్షకొక ఫీజు, ఫీజుకొక రంగు. ప్రతిసారీ ఫొటో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టేదాన్ని. ఇంకో ఏడాదిలో బ్లాక్ బెల్టు ఖాయమన్నారు. ఇంతలో కరోనా వచ్చి క్లాసులు ఆగిపోయాయి.

ఇక్కడ దక్షిణ కోల్‌కతాలో మా క్వార్టర్స్‌కు దగ్గర్లో ఒక 'పాడా' క్లబ్బు ఉంది. పాడా అంటే మన పేట. ఆ క్లబ్బు హాల్లో వారానికి మూడు రోజులు కరాటే నేర్పుతారని తెలిసి, పూజ సెలవులు అయ్యాక అమ్మాయిని తీసుకెళ్లాను. తల నెరిసిన సెన్సే, అంటే గురువుగారు, సర్టిఫికెట్లు చూడలేదు. "ముందుకు ఒక అడుగు వేసి ఒక గుద్దు చూపించు" అన్నారు. అది చూపించింది. ఇంకోసారి అన్నారు. పది సార్లు చేయించి, నా వైపు తిరిగి, "వెనక మడమ నేల మీద ఆనడం లేదు. ఇక్కడ తెల్ల బెల్టు నుంచి మొదలుపెడుతుంది" అన్నారు.

"కరోనా వల్ల మరిచిపోయిందండీ" అన్నాను.

"మరిచిపోలేదు దీదీ. ఎవరూ నేర్పలేదు. ఆ బెల్టు ఇంట్లో దాచుకోనివ్వండి, దాన్ని ఎవరూ లాక్కోరు. ఇక్కడ మాత్రం వచ్చిన పనికి తగిన బెల్టే."

ఇంటికొచ్చేదాకా ఆటోలో అమ్మాయి ఏడుస్తూనే ఉంది. నాకు ఆయన మీద చాలా కోపం వచ్చింది. ఆ రాత్రి పడుకున్నాక మాత్రం ఒక ఆలోచన మెదిలింది. అప్పు తీసుకున్న వ్యాపారి నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇస్తాడు. అది చూసి మనం ఊరుకోం. గోడౌన్‌కు వెళ్లి బస్తాలు లెక్కపెడతాం. ఆయన చేసిందీ అదే. మా స్టేట్‌మెంట్‌లో బ్రౌన్ బెల్టు ఉంది, గోడౌన్‌లో సరుకు లేదు. రెండేళ్లు ఆ గోడౌన్ తలుపు తీసి చూడనిది నేనే.

రెండు రోజుల తర్వాత అమ్మాయే, "పోనీ, మళ్లీ మొదలుపెడతాలే అమ్మా" అంది. దానికి తోడుగా వెళ్లి బెంచీ మీద కూర్చునేదాన్ని. మూడో వారంలో సెన్సే నన్ను చూసి, "అక్కడ కూర్చుని ఫోన్ చూసే బదులు మీరూ నిలబడొచ్చు కదా దీదీ" అన్నారు. అలా నలభై రెండేళ్ల వయసులో తెల్ల బెల్టు కట్టాను. "ఈ వయసులో ఈ తన్నులాటలేమిటమ్మా" అని మా అత్తగారు నాలుగు రోజులు గొణిగారు.

బెల్టు ఎక్కడి నుంచి వచ్చింది?

నల్ల బెల్టు వెయ్యేళ్ల నాటిదని చాలామంది అనుకుంటారు. నిజానికి దాని వయసు నూట నలభై ఏళ్లకు మించదు. జపాన్‌లో జిగోరో కానో అనే విద్యావేత్త 1882లో టోక్యోలోని ఒక గుడిలో, పన్నెండు చాపలు పట్టేంత గదిలో, కొడోకాన్ అనే జూడో పాఠశాల పెట్టారు. 1883లో తన ఇద్దరు శిష్యులకు మొదటిసారిగా 'షోదాన్' స్థాయి ఇచ్చారు. మరికొన్నేళ్లకు ఆ స్థాయి వాళ్లు నల్ల పట్టీ కట్టడం మొదలైంది. కరాటేలో ఈ పద్ధతి ఇంకా తర్వాత వచ్చింది. ఒకినావాలో బడిపంతులుగా పనిచేసి టోక్యోకు వచ్చిన గిచిన్ ఫునకోషి 1924లో తన శిష్యుల్లో కొందరికి తొలి దాన్‌లు ఇచ్చారు. పసుపు, నారింజ, ఆకుపచ్చ లాంటి రంగుల బెల్టులు ఐరోపాలో జూడో నేర్పినవాళ్ల వల్ల ప్రచారంలోకి వచ్చాయి. చిన్న చిన్న మెట్లుంటే కొత్తవాళ్లు మధ్యలో మానేయరన్నది అందులోని ఆలోచన. వాడీ వాడీ మట్టి పట్టి తెల్ల బెల్టే నల్లబడేదన్న కథ వినడానికి బాగుంటుంది కానీ, కథే.

'షోదాన్' అంటే ఆరంభ స్థాయి, మొదటి మెట్టు. మనం శిఖరం అనుకునేదానికి, దాన్ని పెట్టినవాళ్లు ఇచ్చిన పేరు అది. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు వచ్చాయి, ఇక చదవడం మొదలుపెట్టవచ్చని చెప్పే గుర్తు లాంటిది. జూడోలో ఆరో దాన్ నుంచి ఎరుపు తెలుపు బెల్టు, తొమ్మిది, పది దాన్‌లకు ఎర్ర బెల్టు ఉంటాయి. నలుపు మీద కూడా చాలా మెట్లున్నాయన్నమాట.

ఈ ఊరికీ ఆ విద్యకూ ఉన్న చుట్టరికం

ఎనభైల్లో సుమన్, భానుచందర్‌ల సినిమాలతో మన ఊళ్లలో కరాటే క్లాసులు వెలిశాయి. తొంభైల చివర 'తమ్ముడు' చూసి మా కాలేజీ కుర్రాళ్లు చేతుల మీదుగా బండ్లు పోనిస్తామని బయలుదేరారు. బెంగాల్‌తో ఈ విద్యకున్న బంధం అంతకంటే చాలా పాతది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1905లోనే ఒక జపాన్ గురువును శాంతినికేతన్‌కు రప్పించారు. మళ్లీ 1929లో కొడోకాన్ నుంచి షింజో తకగాకి అనే జూడో గురువు వచ్చారు. అక్కడ ఆడపిల్లలూ నేర్చుకున్నారు. ఆర్థికవేత్త అమర్త్యసేన్ తల్లి అమితా సేన్ వాళ్లలో ఒకరు. 1931లో కలకత్తాలో విద్యార్థుల చేత ప్రదర్శన ఇప్పించినప్పుడు ఠాగూర్ ఆ సందర్భం కోసం ఒక పాట కూడా రాశారు. దాన్ని బెంగాలీ ఇళ్లలో ఇప్పటికీ పాడుకుంటారు. అంతకుముందే ఆయన మేనకోడలు సరళాదేవి బాలీగంజ్‌లోని తమ ఇంట్లో యువకులకు కర్రసాము, కత్తిసాము నేర్పించే ఏర్పాటు చేశారు.

మన రోజుల్లో ఆయేషా నూర్ ఉన్నారు. ఇదే నగరంలో పేద కుటుంబంలో పుట్టి, మూర్ఛ వ్యాధితో పోరాడుతూనే థాయ్‌లాండ్‌లో జరిగిన అంతర్జాతీయ కరాటే పోటీల్లో స్వర్ణం గెలిచారు. తర్వాత తనలాంటి ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పడం మొదలుపెట్టారు. మా క్లాసులో ఎవరైనా "ఒంట్లో బాగాలేదు" అంటే సెన్సే ఏమీ అనరు, ఆమె పేరు మాత్రం ఒకసారి తలుస్తారు.

ఏమేం రావాలి?

మేము నేర్చుకునేది షోటోకాన్ శైలి. ఇందులో మూడు భాగాలు. కిహోన్ అంటే ప్రాథమిక కదలికలు: నిలబడటం, గుద్దు, తన్ను, అడ్డుకోవడం. కాతా అంటే ఊహలోని ప్రత్యర్థులతో పోరాడుతున్నట్టు వరుసగా చేసే కదలికల కూర్పు. కుమితే అంటే ఎదుట మనిషితో తలపడటం. రంగు బెల్టుల స్థాయిల్ని 'క్యూ' అంటారు. వాటి అంకెలు పై నుంచి కిందికి తగ్గుతూ వచ్చి, ఒకటో క్యూ తర్వాత మొదటి దాన్ వస్తుంది.

చూడటానికి కిహోన్ అన్నిటికంటే విసుగు. అసలు విద్య అక్కడే ఉంది. గుద్దు బలం భుజంలో పుడుతుందని అనుకునేదాన్ని. అది నేలలో పుడుతుంది. వెనక పాదం నేలను నెడితే ఆ బలం తుంటి మలుపులోంచి నడుముకు, నడుము నుంచి పిడికిలికి చేరుతుంది. అదే సమయంలో రెండో చెయ్యి వెనక్కు లాగితే తుంటి ఇంకా వేగంగా తిరుగుతుంది. మడమ లేస్తే ఆ గొలుసు మొదట్లోనే తెగిపోతుంది. అప్పుడు మిగిలేది చేతి ఊపే. సెన్సే పది సార్లు ఎందుకు చేయించారో నాకు ఆర్నెల్లకు అర్థమైంది. మొదటి మూడు సార్లు ఎవరైనా జాగ్రత్తగా చేస్తారు, అలసిపోయాక చేసేదే అసలు వచ్చినది.

కాతాల్లో మొదటిది హేయాన్ షోదాన్. ఇరవై ఒక్క కదలికలు, నిమిషం లోపు అయిపోతుంది. హేయాన్ వరుసలోని అయిదు కాతాలకు మూలాన్ని ఒకినావాలో ఇటోసు అనే గురువు ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో బడిపిల్లల కోసం కూర్చారు. హేయాన్ అంటే శాంతి, ప్రశాంతత. మా దగ్గర బ్లాక్ బెల్టు పరీక్షకు అడిగేది బాస్సాయ్ దాయ్. నలభై రెండు కదలికలు. కోటను బద్దలుకొట్టడం అనే అర్థం చెబుతారు దానికి. నన్ను ఓడించింది ఆ కోటే.

కుమితేలో బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. పూర్తి వేగంతో వెళ్లిన పిడికిలిని ఎదుటి మనిషి చర్మం దగ్గర ఆపగలగాలి. కొట్టడం మొదటి ఏడాదిలోనే వస్తుంది. ఆపడం రావడానికి ఏళ్లు పడుతుంది. మా అమ్మాయి ముక్కుకు వేలెడు దూరంలో ఒక కుర్రాడి పిడికిలి ఆగడం మొదటిసారి చూసినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. తర్వాత అదే అమ్మాయి అలా ఆపడం చూశాను. ఇంట్లో కోపం వచ్చినప్పుడు తలుపు ధడాలున వేసే అలవాటు కూడా దానికి ఆ రోజుల్లోనే తగ్గింది. రెంటికీ సంబంధం ఉందని రుజువు చేయలేను, ఉందనే నా నమ్మకం.

ఏళ్లు కాదు, గంటలు

ఇప్పుడు లెక్క చూద్దాం. వారానికి మూడు క్లాసులు, ఒక్కొక్కటి గంటన్నర. సెలవులు, పరీక్షలు, జ్వరాలు పోను ఏడాదికి నలభై అయిదు వారాలు అనుకుంటే సుమారు 200 గంటలు. నాలుగేళ్లకు 800 గంటలు. వారానికి ఒక్క క్లాసుకే వెళ్లే పిల్లవాడు ఇన్ని గంటలు పూర్తి చేయడానికి పన్నెండేళ్లు కావాలి. కాబట్టి "ఎన్నేళ్లు" అన్న ప్రశ్నను "ఎన్ని గంటలు, ఎలాంటి గంటలు" అని మార్చుకోవాలి. పద్ధతిని బట్టి కూడా తేడాలుంటాయి. బ్రెజిలియన్ జుజుత్సులో పదేళ్లు పట్టడం మామూలే, దాని అంతర్జాతీయ సమాఖ్య నియమం ప్రకారం పంతొమ్మిదేళ్లు నిండకుండా బ్లాక్ బెల్టు లేదు. తైక్వాండోలో కొరియాలోని కుక్కివాన్ పదిహేనేళ్లలోపు పిల్లలకు 'దాన్' ఇవ్వదు, 'పూమ్' అనే వేరే స్థాయి ఇస్తుంది.

ఎంబీఏలో చదివి పరీక్ష రాసి మరిచిపోయిన ఒక సూత్రం ఇక్కడ గుర్తొచ్చింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో పనిచేసిన ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి చెప్పిన మాట ఆయన పేరుతోనే సూత్రమైంది. దాని సారాంశం: ఒక కొలమానాన్నే లక్ష్యంగా పెట్టుకుంటే అది ఇక మంచి కొలమానంగా పనిచేయదు. మార్చి 31న వచ్చి ఏప్రిల్ మొదటి వారంలో వెళ్లిపోయే డిపాజిట్ ఎలాంటిదో మనకు ఒకరు చెప్పాలా? బెల్టు కూడా అంతే. అది నైపుణ్యానికి కొలత. దాన్నే కొనుక్కుందామని నేను బయలుదేరినప్పుడు నాకు రంగు దొరికింది, మా అమ్మాయికి మడమ ఆనలేదు.

డిసెంబరు ఆదివారం

పరీక్ష రోజు ఉదయం ఏడింటికే హాల్లో ఉన్నాం. ముగ్గురు పరీక్షకులు, నల్ల బెల్టు కోసం పదిహేను మందిమి. అందరిలోకీ పెద్దదాన్ని నేనే. కిహోన్ గంటసేపు సాగింది. కుమితేలో ఒక కాలేజీ కుర్రాడితో తలపడ్డాను, బాగానే చేశాననుకున్నాను. చివర బాస్సాయ్ దాయ్. సగం దాకా కోటలో ఉన్నట్టే ఉంది. ఒక మలుపు దగ్గర ఒళ్లు తూలింది. సర్దుకుని పూర్తి చేశాను.

సాయంత్రం పేర్లు చదివారు. అమ్మాయి పేరుంది, నాది లేదు. నా కాగితం మీద "మలుపుల్లో స్థిరత్వం లేదు. ఆరు నెలల తర్వాత మళ్లీ రండి" అని రాసి ఉంది.

ఒకసారి ప్రమోషన్ ఇంటర్వ్యూలో తప్పి, వారం రోజులు కనిపించినవాళ్లందరి మీదా చిరాకుపడ్డాను. ఇక్కడ చిరాకు పడటానికి ఎవరూ లేరు. తూలింది నా కాలే. గరియాహాట్ దగ్గర ఆగి అమ్మాయికి ఎగ్ రోల్ కొనిపెట్టాను. అది కొత్త బెల్టును సంచిలోంచి తీయనే లేదు. నా కోసమే అణచుకుంటోందని అర్థమై ఇంకా బాధేసింది. "కట్టుకుని చూపించవే" అన్నాను. కట్టుకోలేదు. రోల్ సగం తిన్నాక, "అమ్మా, ఒకటి చెబితే కోపం తెచ్చుకోవు కదా?" అంది.

"చెప్పు."

"తిరిగేటప్పుడు నీ వెనక మడమ లేస్తోంది."

నాలుగేళ్ల కింద మేము ఏడ్చుకుంటూ ఇంటికి తెచ్చుకున్న మాట అది. ఈసారి ఇద్దరం నవ్వుకున్నాం. సంచిలోంచి బెల్టు తీసి అక్కడే ఫుట్‌పాత్ మీద దాని నడుముకు నేనే కట్టాను.

చేర్పించే ముందు

పిల్లల్ని, లేదా మీరే, చేరాలనుకుంటే నా అనుభవంలోంచి కొన్ని సూచనలు:

• క్లాసుకు వెళ్లి ఒక గంట ఊరికే కూర్చుని చూడండి. గురువు ఎంతమంది పిల్లల పాదాలు, చేతులు సరిచేస్తున్నారో గమనించండి. సరిచేయడమే బోధన.

• పరీక్షలో ఎవరైనా ఎప్పుడైనా తప్పుతారా అని అడగండి. అందరూ ఎప్పుడూ పాసయ్యే చోట పరీక్ష జరగడం లేదని అర్థం.

• ఇన్ని నెలల్లో బ్లాక్ బెల్టు గ్యారంటీ అంటే వెనుదిరగండి. పరీక్ష ఫీజులు మొత్తం ఎంతవుతాయో ముందే కాగితం మీద రాయించుకోండి.

• ఏ శైలి, ఏ సంస్థ సర్టిఫికెట్ ఇస్తారు, గురువుగారి దాన్ ఎవరిచ్చారు అని అడగడం మర్యాదకు లోపం కాదు. మనం ఖాతాదారును కేవైసీ అడగమా?

• నలభై దాటినవాళ్లు డాక్టరుకు చూపించుకుని మొదలుపెట్టండి. ఒళ్లు వేడెక్కించే పావుగంటను ఎప్పుడూ ఎగ్గొట్టకండి. మోకాలు నొప్పి అంటే ఆ రోజు ఆగండి.

• ముఖ్యంగా మనవాళ్లకు: బదిలీ అయితే కొత్త ఊళ్లో అదే శైలి దొరక్కపోవచ్చు. దొరికినా అక్కడి గురువు కింది బెల్టు నుంచి మొదలుపెట్టమనవచ్చు. పిల్లల ముందు ఆయనతో వాదించకండి. వచ్చిన విద్య ఎటూ పోదు. నిజంగా వచ్చి ఉంటే ఆర్నెల్లలో అదే కనిపిస్తుంది.

జూన్‌లో మళ్లీ పరీక్ష ఉంది. ఈలోగా బదిలీల జాబితా వస్తుంది. మామూలుగా మూడేళ్లకే కదలాల్సింది, మధ్యలో బ్రాంచి నుంచి రీజినల్ ఆఫీసుకు మారడంతో ఇక్కడే ఉండిపోయాను. ఈసారి నా పేరు ఉంటుందనే అనుకుంటున్నాను. జూన్‌కు ముందే వెళ్లాల్సి వస్తే, ఎక్కడికి వెళ్తానో, అక్కడ ఎవరు నేర్పుతారో తెలియదు. "అక్కడి సెన్సే నిన్ను తెల్ల బెల్టు కట్టుకోమంటే?" అని మొన్న అమ్మాయి అడిగింది. 2021లో కొన్న తెల్ల బెల్టు బీరువాలోనే ఉంది. ఉతికి, మడతపెట్టి, సామానుతో పాటు సర్దిపెట్టానని చెప్పాను.

బ్లాక్ బెల్టుకు ఎన్నేళ్లని అడిగే మిత్రులకు ఇప్పుడు ఇలా చెబుతున్నాను: వారానికి మూడు రోజులు మానకుండా వెళితే నాలుగైదేళ్లు. మధ్యలో ఒకసారైనా మళ్లీ మొదటికి వెళ్లడానికి సిద్ధపడితేనే.

ప్రస్తుతానికి రోజూ పొద్దున్న ఆఫీసుకు ముందు పావుగంట హాల్లోనే సాధన చేస్తున్నాను. మా అత్తగారు సోఫాలో కాఫీ తాగుతూ చూస్తుంటారు. కరాటే సంగతి ఆవిడకు ఏమీ తెలియదు. నేను తిరిగిన ప్రతిసారీ మాత్రం, "మడమ, అమ్మాయ్, మడమ" అంటారు.